అమ్మ జడ కత్తిరించవచ్చునా?

పాతబస్తీలో ఉమ్మడి కుటుంబాలు నేటికీ ఉన్నాయి. షా అలీ బండా, హుసైనీ ఆలం, యాకుత్‌పురా, తలాబ్ కట్టా గల్లీల్లో మూడు తరాలవారు ఒకే వాకిలి చుట్టూ బతుకుతున్న ఇళ్లు ఎన్నో. అటువంటి ఇంట్లో మంచం పట్టిన ఒక దాదీయో, నానీయో ఉండటం అరుదైన విషయం కాదు. పక్షవాతం వచ్చి గానీ, తుంటి ఎముక విరిగి గానీ ఆమె నెలల తరబడి వెల్లకిలా పడుకొని ఉంటుంది. ఒకనాడు నడుము దాటిన ఆమె జడ ఇప్పుడు తలగడకు ఒరుసుకొని చిక్కుపడుతుంది. కొంతకాలానికి దువ్వెన దూరని ముద్దగా మారుతుంది. చెమట, నూనె, పేలు అందులోనే చేరతాయి. దువ్వబోతే ఆమె బాధతో మూలుగుతుంది. దువ్వకుంటే తలంతా దురద, దుర్వాసన.

అప్పుడు ఆ ఇంటి ఆడపిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. జుట్టు పొట్టిగా కత్తిరిస్తే బాగుండునని అందరికీ తెలుసు. కాని నోరు తెరిచి అనేవారు ఉండరు. “ఆడదాని తలకు కత్తెర తగిలిస్తే గునాహ్ కదా?” అని ఒకరు, “రేపు చుట్టాలొచ్చి చూస్తే ఏమంటారు?” అని మరొకరు. మదరసాలో బోధించే మా వద్దకు ఈ ప్రశ్న ఏటా పలుమార్లు వస్తుంది. కొందరు చీటీ రాసి పంపుతారు, కొందరు ఫోనులో అడుగుతారు. అడిగేవారి మాటలో సేవ చేసి అలసిన అలసట ఉంటుంది. దానికి మించి, ఎక్కడ అల్లాహ్ ఆగ్రహానికి గురవుతామోనన్న భయం ఉంటుంది.

మా సమాధానాన్ని ముందుగానే చెబుతాము. కత్తిరించవచ్చును. కొన్ని పరిస్థితుల్లో కత్తిరించకుండా వదిలివేయడమే తప్పు అవుతుంది. అయితే ఎందుకు కత్తిరిస్తున్నాము, ఎంత కత్తిరిస్తున్నాము, ఎవరి చేత, ఎవరి అంగీకారంతో అన్న విషయాలకు షరీఅత్‌లో మర్యాదలు ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాము.

సాధారణ నియమం

ఇస్లాం ధర్మం తలవెంట్రుకలను తేలికగా చూడలేదు. జుట్టు ఉన్నవారు దానిని గౌరవించాలని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశించినట్లు హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. ఈ హదీసు సుననె అబూ దావూద్‌లో ఉంది. గౌరవించడమంటే శుభ్రంగా కడగడం, నూనె రాయడం, దువ్వడం. జుట్టు చిక్కుపడి, మురికిపట్టి ఉండటం ఈ ఆదేశానికి విరుద్ధమని పాఠకులు ఇక్కడే గమనించగలరు.

పురుషులను అనుకరించే స్త్రీలనూ, స్త్రీలను అనుకరించే పురుషులనూ దైవప్రవక్త (స) శపించారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. హజ్, ఉమ్రాలలో స్త్రీలకు శిరోముండనం లేదనీ, కొద్దిగా కత్తిరించుకోవడమే వారి విధి అనీ అబూ దావూద్‌లోని మరొక హదీసు చెబుతుంది. ఆ కొద్ది ఎంత అంటే, వేలి చివరి కణుపంత అని ధర్మవేత్తలు వివరించారు. అంటే, ఉమ్రా చేసి వచ్చిన ప్రతి స్త్రీ తలకూ ఒక్కసారైనా కత్తెర తగిలింది. ఇహ్రామ్ ముగించేటప్పుడు ఆ పని ఆమె స్వయంగా చేసుకుంటుంది, లేదా తోటి స్త్రీతో చేయించుకుంటుంది. కత్తెర తగలడమే పాపమన్న మాట దీనితోనే నిలవకుండా పోతుంది.

ఇక, ఆరోగ్యంగా ఉన్న స్త్రీ తన పొడవాటి జుట్టును పొట్టిగా కత్తిరించుకోవచ్చునా అన్న విషయంలో ధర్మవేత్తల మధ్య భేదాభిప్రాయం ఉంది. మన హైదరాబాదులో అధిక సంఖ్యాకులు అనుసరించే హనఫీ మజ్‌హబ్ ఈ విషయంలో కఠినంగా ఉంది. ప్రసిద్ధ హనఫీ గ్రంథమైన దుర్రె ముఖ్తార్, తల జుట్టు కత్తిరించుకున్న స్త్రీ పాపానికి ఒడిగట్టినట్లేనని చెప్పి, అందుకు పురుషుల పోలికను కారణంగా చూపింది. 2017 అక్టోబరులో దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్ నుంచి వెలువడి పత్రికలలో ఎంతో చర్చకు వచ్చిన ఫత్వా ఈ దృష్టితో ఇచ్చినదే. ఆ రోజుల్లో పాతబస్తీ ఇళ్లలోనూ ఆ చర్చ జరిగింది.

ఇదే నగరంలో, చాంద్రాయణగుట్ట దాటి బార్కస్‌కు వెళితే అక్కడివారిలో శాఫయీ మజ్‌హబ్ అనుయాయులు ఎక్కువ. నిజాం సైన్యంలో పని చేసేందుకు యెమెన్‌లోని హజ్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి వారు. శాఫయీ ఇమాములలో అగ్రగణ్యులైన ఇమామ్ నవవీ (హిజ్రీ 676లో మరణించారు), సహీహ్ ముస్లిం వ్యాఖ్యానంలో ఒక ఉల్లేఖనాన్ని వివరిస్తూ, స్త్రీలు జుట్టు తగ్గించుకోవడానికి ఇందులో అనుమతి ఉన్నదని రాశారు. దైవప్రవక్త (స) సతీమణులు తమ జుట్టును చెవుల దాకా వచ్చేటంతగా తగ్గించుకునేవారని అబూ సలమా బిన్ అబ్దుర్రహ్మాన్ చెప్పిన ఉల్లేఖనం అది. వారు అలంకరణను విడిచిపెట్టే ఉద్దేశంతో, దైవప్రవక్త (స) మరణానంతరం అలా చేసి ఉంటారని ఖాజీ ఇయాజ్ (హిజ్రీ 544లో మరణించారు) అభిప్రాయపడ్డారు.

ఈ భేదాభిప్రాయాన్ని ఇక్కడ తేల్చడం మా ఉద్దేశం కాదు. ఎవరి మజ్‌హబ్‌ను వారు గౌరవంతో అనుసరించాలి. మేము చెప్పదలచినది ఒక్కటే. ఈ చర్చ అంతా ఏ బాధా లేని స్త్రీ, సింగారం కోసమో, చూసి నేర్చిన పోకడ కోసమో జుట్టు కత్తిరించుకునే సందర్భానికి సంబంధించినది. మంచం పట్టిన తల్లికీ, క్యాన్సరుతో పోరాడుతున్న చెల్లెలికీ ఈ చర్చను అంటగట్టడం ధర్మం తెలియని పని.

రోగికి ధర్మం చూపిన దారి

హిజ్రీ 6వ సంవత్సరంలో దైవప్రవక్త (స) సహచరులతో కలిసి ఉమ్రా కోసం బయలుదేరి హుదైబియా వద్ద ఆగవలసి వచ్చింది. అందరూ ఇహ్రామ్‌లో ఉన్నారు. ఇహ్రామ్‌లో ఒక్క వెంట్రుకను కూడా తీయరాదు. హజ్రత్ కఅబ్ బిన్ ఉజ్రా (రజి) వంటపాత్ర కింద మంట వేస్తున్నారు. ఆయన తలలోని పేలు ముఖం మీదికి రాలుతున్నాయి. దైవప్రవక్త (స) అది చూసి, ఈ పురుగులు నిన్ను బాధిస్తున్నాయా అని విచారించారు. ఆయన అవునన్నారు. తల గొరిగించుకొమ్మని దైవప్రవక్త (స) అనుమతి ఇచ్చి, దానికి బదులుగా మూడు రోజులు ఉపవాసం ఉండటమో, ఆరుగురు పేదలకు భోజనం పెట్టడమో, ఒక మేకను ఖుర్బానీ చేయడమో చేయాలన్నారు. అల్ బఖరా సూరాలోని 196వ ఆయతులో, తలలో బాధ ఉన్న రోగికి లభించిన వెసులుబాటు ఈ సందర్భానికి సంబంధించినదేనని హజ్రత్ కఅబ్ (రజి) స్వయంగా చెప్పారు.

దీనిని నిదానంగా ఆలోచించాలి. ఇహ్రామ్‌లో వెంట్రుకలు తీయరాదన్నది ఏ ఇమామూ విభేదించని నియమం. అటువంటి నియమమే తలలోని పేల బాధ వల్ల సడలింది. అలాంటప్పుడు ఇంట్లో, ఇహ్రామ్ లేని స్థితిలో, మంచం మీద కదలలేక పడి ఉన్న ముదుసలి బాధ ముందు జడ పొడవు ఎంతటి విషయం?

హనఫీ గ్రంథాలు కూడా ఈ మాటనే చెప్పాయి. ఔరంగజేబు పాలనాకాలంలో ఉలమా బృందం సంకలనం చేసిన ఫతావా ఆలంగీరీ మన మదరసాలన్నింటిలోనూ ప్రమాణంగా చూసే గ్రంథం. తలకు కలిగిన నొప్పి, బాధ కారణంగా స్త్రీ తల పూర్తిగా గొరిగించుకున్నా దోషం లేదనీ, పురుషులను పోలే ఉద్దేశంతో చేస్తేనే అది అయిష్టకరమనీ అందులో ఉంది. పూర్తిగా గొరిగించుకోవడానికే అనుమతి ఉన్నప్పుడు, భుజాల దాకా కత్తిరించడానికి భయం ఎందుకు?

జుట్టు పోతే గౌరవం పోతుందన్న భావన కూడా మన ఇళ్లలో ఉంది. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) తన బాల్యంలో మదీనాకు వచ్చిన కొత్తలో జ్వరం వచ్చి తన జుట్టు రాలిపోయిందనీ, ఆ తరువాత తిరిగి పెరిగిందనీ స్వయంగా చెప్పారు. ఈ విషయం సహీహ్ బుఖారీలో ఉంది. అంతటి మహనీయురాలు తన జుట్టు రాలిన సంగతిని దాచుకోలేదు. మన ఇంట్లో వ్యాధితో జుట్టు కోల్పోయిన స్త్రీ తలవంచుకోవలసిన అవసరం ఏమున్నది?

ఆమెను అడగండి

అనుమతి ఉన్నదని తెలిసిన వెంటనే కత్తెర అందుకోకూడదు. ఆ తల ఎవరిదో, నిర్ణయమూ వారిదే. అమ్మీ నిద్రపోయినప్పుడు జడ కోసేసి, లేచిన తరువాత చెప్పిన ఇళ్లు ఉన్నాయి. చేసినవారి ఉద్దేశం మంచిదే. కాని ఆ తల్లి తల తడుముకున్నప్పుడు ఆమె గుండెకు ఏమవుతుందో ఆలోచించాలి. ఇస్రా సూరాలోని 23, 24 ఆయతులలో అల్లాహ్, వృద్ధులైన తల్లిదండ్రుల ముందు విసుగును తెలిపే చిన్న శబ్దాన్ని కూడా నిషేధించాడు. వారితో గౌరవంగా మాట్లాడాలని, వారి ముందు వినమ్రంగా ఉండాలని ఆజ్ఞాపించాడు. విసుగు మాటకే తావు లేనిచోట, చెప్పకుండా జడ కోయడానికి తావు ఉంటుందా?

అడగడానికీ ఒక పద్ధతి ఉంది. ఇంట్లో ఆమెకు బాగా చనువున్న వ్యక్తి, పెద్ద కూతురో, చెల్లెలో, ఒంటరిగా కూర్చొని మాట్లాడాలి. “అమ్మీ, మీ తల దువ్వుతుంటే మీకు నొప్పి పుడుతోంది. భుజాల దాకా తగ్గిస్తే రోజూ దువ్వి జడ వేయగలను. మీరు సరేనంటేనే చేస్తాను” అంటే చాలు. ఎంత తగ్గించాలో ఆమెనే చేత్తో చూపించమనాలి. ఒద్దంటే ఆ రోజుకు ఊరుకోవాలి. వారం తరువాత మళ్లీ అడగాలి. ఆమెకు షరీఅత్ విషయంలోనే సందేహం ఉంటే ఆమె నమ్మే ఆలిమ్‌తో ఫోనులో మాట్లాడించాలి. 1876లో మౌలానా అన్వారుల్లాహ్ ఫారూఖీ స్థాపించిన జామియా నిజామియా షిబ్లీ గంజ్‌లోనే ఉంది. స్త్రీతోనే మాట్లాడాలని ఆమె కోరుకుంటే, మొగల్‌పురాలోని జామియతుల్ మోమినాత్ ఈ శతాబ్దారంభం నుంచి స్త్రీలకు ఇఫ్తా విద్య నేర్పుతోంది. అక్కడ చదివిన ఆలిమాలు మన గల్లీల్లోనే ఉన్నారు.

మతిమరుపు ముదిరి, అడిగినది అర్థం చేసుకోలేని స్థితిలో ఆమె ఉంటే, ఆమె మేలును చూసి దగ్గరివారు నిర్ణయించవచ్చును. అప్పుడు కూడా నాలుగు మాటలు చెప్పి, చేయి పట్టుకొని, ఆ తరువాతనే మొదలుపెట్టాలి.

కోడలు సేవ చేస్తున్న ఇళ్లలో మరొక చిక్కు ఉంటుంది. దూరాన ఉన్న ఆడబిడ్డలు పండుగకు వచ్చి, తల్లి తల చూసి, కోడలిని నిందిస్తారు. రాత్రింబవళ్లు చేసిన సేవ ఒక్క మాటతో మట్టిపాలవుతుంది. కనుక కత్తిరించే ముందే కుటుంబంలోని అక్కచెల్లెళ్లకు ఫోను చేసి చెప్పడం వివేకం. విన్నవారు కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. రోజూ దువ్వే చేతికి ఉన్న హక్కు, పండుగనాడు చూసే కళ్లకు లేదు.

భర్తలకు ఒక మాట

మూసీ దాటి రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రికి పాతబస్తీ నుంచి వెళ్లే స్త్రీలలో యువతులు కూడా ఉన్నారు. కీమోథెరపీలోని కొన్ని మందులకు జుట్టు రాలుతుంది. సాధారణంగా చికిత్స మొదలైన రెండు మూడు వారాలకు రాలడం ఆరంభమవుతుంది. పొడవాటి జుట్టు తలగడ మీద, దుప్పటి మీద, అన్నం పళ్లెంలో కుచ్చులుగా రాలుతుంటే చూడటం రోగికి వ్యాధికన్నా పెద్ద దుఃఖం. అందుకే మొదటి విడత మందుకు ముందో, వెంటనే ఆ తరువాతనో జుట్టు పొట్టిగా తగ్గించుకొమ్మని ఆస్పత్రుల్లో సలహా ఇస్తారు. పైన చెప్పిన అనుమతి ఆమెకు సంపూర్ణంగా వర్తిస్తుంది. చికిత్స ముగిసిన తరువాత చాలామందికి జుట్టు తిరిగి మొలుస్తుంది.

ఇటువంటి సమయంలో భర్త నోటి నుంచి వచ్చే మాట ఆమెకు మందు కావచ్చు, విషమూ కావచ్చు. మీలో ఉత్తములు తమ ఇల్లాలి పట్ల ఉత్తములుగా ఉన్నవారేనన్న భావం గల ప్రవక్త (స) బోధను మనం నికాహ్ ఖుత్బాల సందర్భంగా ఎన్నిసార్లు విన్నాము! అది ఆచరించవలసిన రోజు ఇదే. జుట్టు లేని తలను చూసి ముఖం తిప్పుకునే భర్త, తన జేబులోని డబ్బుతో ఎన్ని మందులు కొన్నా ఆమె రుణం తీర్చలేడు.

కత్తెర అవసరం లేని సందర్భాలు

అనుమతి ఉన్నదని ప్రతిదానికీ కత్తెర పట్టడం సరికాదు. కాన్పు అయిన రెండు నుంచి నాలుగు నెలలకు బాలింతకు జుట్టు గుప్పెళ్లుగా రాలడం ప్రకృతి సహజం. గర్భిణీగా ఉన్నప్పుడు రాలకుండా నిలిచిన వెంట్రుకలే అప్పుడు ఒక్కసారిగా రాలతాయి. చాలామందికి ఏడాదిలోగా తిరిగి సర్దుకుంటుంది. టైఫాయిడ్, డెంగీ వంటి తీవ్ర జ్వరాల తరువాత రెండు మూడు నెలలకు రాలడం కూడా ఇటువంటిదే. దీనికి నజర్ తగిలిందని తాయెత్తుల కోసం తిరగవలసిన పని లేదు. మంచి ఆహారం, రక్తహీనత ఉన్నదేమోనని ఒక పరీక్ష, కొంత ఓర్పు చాలు. కత్తిరిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్న మాటలోనూ నిజం లేదు. వెంట్రుక పెరిగేది కుదురు నుంచి. చివర కోసిన సంగతి కుదురుకు తెలియదు.

పిల్లల తలలో పేలు పడితే జుట్టు కత్తిరించనక్కరలేదు. తడి జుట్టుకు నూనె పట్టించి, సన్నపళ్ల పేలదువ్వెనతో పాయలుపాయలుగా దువ్వాలి. వైద్యుల సలహాతో మందు రాసి, వారం పది రోజులకు మళ్లీ రాయాలి. తలకు కిరోసిన్ పోసే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. అది చర్మాన్ని కాలుస్తుంది, పొయ్యి దగ్గర ప్రాణాలే తీస్తుంది. ఆ పని ఎన్నడూ చేయకూడదు.

ఇంట్లో కత్తిరించే విధానం

మంచం పట్టినవారిని బ్యూటీ పార్లరుకు తీసుకువెళ్లడం సాధ్యం కాదు. పర్దా కారణంగా చాలామంది ఇష్టపడరు కూడా. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడినప్పుడు మగపిల్లల జుట్టు ఇంట్లోనే కత్తిరించడం ఎందరో తల్లులు నేర్చుకున్నారు. ఈ పని అంతకన్నా కష్టమైనది కాదు. అనుభవం గల స్త్రీల నుంచి మేము తెలుసుకున్న క్రమం ఇది.

ముందురోజే వీలైతే తల కడిగి ఆరబెట్టాలి. ఉండలు కట్టిన జుట్టయితే కడగవద్దు. తడిస్తే ముద్ద ఇంకా బిగుస్తుంది. కొబ్బరినూనె పట్టించి కొంతసేపు వదిలి, వేళ్లతో విడదీయగలిగినంత విడదీయాలి. విడిపోని ముద్దను లాగి ఏడిపించకుండా కత్తిరించడమే మేలు.

బట్టలు కత్తిరించే కత్తెర కాక, జుట్టు కోసమే ఉన్న పదునైన కత్తెర తీసుకోవాలి. మొద్దు కత్తెర జుట్టును లాగుతుంది. పగటి వెలుతురులో, గది తలుపు వేసి, కిటికీ తెర దించి కూర్చోవాలి. రోగి కూర్చోగలిగితే వెనుక దిండ్లు పెట్టి ఒకరు పట్టుకోవాలి. కూర్చోలేకపోతే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆ వైపు పూర్తయ్యాక రెండో పక్కకు తిప్పాలి. మెడ కింద పాత దుప్పటా పరచి, భుజాలకు తువాలు చుట్టాలి.

జుట్టును నడిమి పాపిట తీసి రెండు భాగాలు చేసి, రెండు జడలు అల్లాలి. కత్తిరించవలసిన చోటికి కొంచెం కింద రబ్బరు బ్యాండు బిగించి, జడ చివర మరొకటి వేయాలి. మొదటి బ్యాండుకు కిందనే కత్తిరించాలి. కావలసిన దానికన్నా రెండు వేళ్ల పొడవు ఎక్కువ ఉంచి కోయడం మంచిది. తగ్గించినది తిరిగి అతికించలేము. ఒకేసారి గట్టిగా నొక్కక, కొంచెం కొంచెంగా కోస్తూ పోవాలి. తరువాత బ్యాండు విప్పి, దువ్వి, అంచులు సమం చేయాలి. భుజాల దాకా, లేదా మెడ దాకా ఉంచితే రెండు చిన్న జడలు వేయవచ్చును, పురుషుల క్రాపును పోలదు, సందేహానికి తావుండదు.

కీమోథెరపీ తీసుకుంటున్నవారికి బ్లేడు, రేజరు వాడకూడదు. చిన్న గాటు పడినా చీము పట్టే ప్రమాదం ఉంటుంది. కత్తెర గానీ, చర్మానికి తగలని విధంగా ట్రిమ్మరు గానీ వాడాలి. తల వెనుక భాగంలో ఎర్రబడిన మచ్చ, పుండు కనిపిస్తే అది పడక పుండుకు ఆరంభం కావచ్చు. వెంటనే వైద్యులకు చూపించాలి. కదలలేని రోగిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పమని వైద్యులు చెప్పేది ఇందుకే.

కత్తిరించేవారు స్త్రీ కావడం ఉత్తమం. ఇంట్లో స్త్రీలు లేకపోతే భర్తగానీ, కుమారుడుగానీ, సోదరుడుగానీ చేయవచ్చును. వారు మహ్రమ్‌లు, ఆమె తల చూడటానికి వారికి అనుమతి ఉంది. తల్లికి అన్నం తినిపించడం సేవ అయితే, తల దువ్వడం కూడా సేవే. కొడుకులు దీనిని ఆడవాళ్ల పని అని తప్పించుకోకూడదు.

కోసిన జుట్టును ఏమి చేయాలి?

మన వీధుల్లో రాలిన వెంట్రుకలు తీసుకొని స్టీలు గిన్నెలు ఇచ్చే వ్యాపారులు తిరుగుతుంటారు. మూరెడు జడ చూపిస్తే వారు మంచి పాత్రనే ఇస్తారు. కాని హనఫీ ధర్మశాస్త్రంలో మానవ కేశాలను అమ్మడం చెల్లదు. ఆదము సంతతికి అల్లాహ్ గౌరవం ప్రసాదించినట్లు ఇస్రా సూరాలోని 70వ ఆయతు తెలుపుతుంది. ఆ గౌరవం గల శరీరంలోని భాగాన్ని సరకుగా మార్చరాదన్నది దీని వెనుక ఉన్న తాత్పర్యం. స్త్రీ తల నుంచి విడివడిన జుట్టుకు కూడా పర్దా ఉన్నదని ధర్మవేత్తలు చెప్పారు. కనుక దానిని చెత్తకుండీలో, మోరీలో పారవేయక, గుడ్డలో చుట్టి మట్టిలో పూడ్చడం ఉత్తమం. పాతబస్తీ ఇళ్లలో మట్టి నేల కరువైపోయిన మాట నిజమే. పూలకుండీలోని మట్టి అయినా చాలును.

జుట్టు పోయిన తలకు మానవ కేశాలతో చేసిన సవరం పెట్టుకోవచ్చునా అని కూడా అడుగుతుంటారు. వ్యాధితో జుట్టు రాలిన కుమార్తెకు పెళ్లి చేయబోతున్న ఒక తల్లి ఇదే ప్రశ్న అడిగినప్పుడు, దైవప్రవక్త (స) అనుమతించలేదని హజ్రత్ అస్మా (రజి) ఉల్లేఖనం బుఖారీలో ఉంది. అయితే దారం, ఉన్ని, పట్టు వంటి వాటితో చేసిన వాటిని హనఫీ ధర్మవేత్తలు అనుమతించారు. మెత్తని నూలు టోపీ, రంగుల రుమాలు ఇంట్లో ఉన్న రోగికి అన్నింటికన్నా హాయి.

నమాజు, వజూ విషయాలు

కత్తిరించడం వల్ల వజూ భంగం కాదు. మసహ్ తల మీదనే చేయాలి. కిందికి వేలాడే జడ మీద చేసినది చెల్లదు. కనుక జుట్టు పొట్టిదైనంత మాత్రాన మసహ్‌లో లోటేమీ రాదు. పైగా రోగికి వజూ చేయించేవారి పని సులువవుతుంది. గుస్ల్ కోసం బిగుతుగా అల్లిన జడ విప్పవలసిన పని లేదనీ, తల మీద మూడుసార్లు నీరు పోస్తే చాలుననీ దైవప్రవక్త (స) హజ్రత్ ఉమ్మె సలమా (రజి)కు బోధించారని సహీహ్ ముస్లింలో ఉంది. నీరు కుదుళ్లకు చేరాలి, అంతే. స్త్రీలకు జుట్టు వల్ల కష్టం కలగకూడదన్న దయ ఆ బోధలోనూ ఉంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇప్పుడు వద్దులే, ప్రాణం పోయాక చూద్దామని వాయిదా వేసేవారున్నారు. మరణించిన వ్యక్తి జుట్టు కత్తిరించడం, దువ్వడం హనఫీ మజ్‌హబ్‌లో లేదు. మయ్యత్‌కు గుస్ల్ ఇచ్చే స్త్రీలు ఉండలు కట్టిన తలను చూసి ఏమీ చేయలేక కన్నీరు పెట్టుకుంటారు. చేయవలసిన సేవ ఏదైనా ఆమె కళ్లు తెరిచి ఉన్నప్పుడే చేయాలి.

కనుక సోదరీ సోదరులారా, ఈ నెలలోనే మీ ఇంట్లో మంచం పట్టినవారి తలను ఒకసారి చేత్తో తడిమి చూడండి. చిక్కు ఉంటే విడదీయండి. విడిపోకపోతే ఆమెను అడగండి. ఆమె సరేనంటే బిస్మిల్లా అని కత్తెర అందుకోండి. పనయ్యాక గోరువెచ్చని నీటితో తల తుడిచి, నూనె రాసి, రెండు చిన్న జడలు వేసి, శుభ్రమైన ఓఢనీ కప్పి, ఆమెకు అద్దం చూపండి. ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోతుంది. నిద్రకు ముందు ఆమె చేసే దుఆలో మీ పేరు ఉంటుంది.